ఏ ఒడ్డుకు వెళ్దాం?

(స్వర్ణోత్సవ విహారయాత్ర గురించి చర్చించడానికి బెంజ్ సర్కిల్ దగ్గర జరిగిన సభ్యుల సమావేశంలో యాత్రా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా సముద్రపు ఒడ్డున అందరం కలిసి ఒకరోజు గడపాలని కార్యవర్గం తీర్మానించింది. తీర్మానం ఏకగ్రీవమే. ఏ ఒడ్డు అన్న దగ్గరే పేచీ వచ్చింది. ఉపసంఘం ముందుకు నాలుగు ప్రతిపాదనలు వచ్చాయి. అమెరికాలో ఉన్న మిత్రులు మెక్సికోలోని కాంకున్ అన్నారు. విశాఖలో స్థిరపడినవాళ్ళు ఋషికొండ అన్నారు. బాపట్ల, చీరాల వైపువాళ్ళు సూర్యలంక గానీ రామాపురం గానీ అన్నారు. నాలుగోది మన మంగినపూడి. దాన్ని ప్రతిపాదించినాయన ఒక్కరే, అదీ కాస్త మొహమాటపడుతూనే.

ఈ నాలుగింటిలో ఏది అందంగా ఉంటుందో చెప్పమంటే నేను చెప్పలేను. ఫొటోలో అన్నీ అందంగానే ఉంటాయి. ఎలా ఎంచుకోవాలో మాత్రం చెబుతాను. మొదట మీ ముందు ఒక కొలత పెడతాను. మనలో బాగా ఈత వచ్చినవాడికీ, బాగా డబ్బున్నవాడికీ ఏ ఒడ్డయినా బాగానే ఉంటుంది. మనలో మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకి, ఈత రానివాళ్ళకి, జేబు చూసుకుని నడిచేవాళ్ళకి ఏది బాగుంటుందో అదే మన ఒడ్డు. మిగతా ప్రసంగమంతా ఈ మాటకు వివరణే.

ముందు కాంకున్ సంగతి. దీన్ని నవ్వి కొట్టిపారేయవద్దు. అది కరీబియన్ సముద్రం మీద మెక్సికో ప్రభుత్వం ఒక పథకం ప్రకారం కట్టించిన విహార నగరం. 1970లో పని మొదలుపెడితే 1974లో మొదటి హోటళ్ళు తెరిచారు. అంటే దాని వయసూ మన సంఘం వయసూ ఇంచుమించు ఒకటే. హూస్టన్ నుంచీ డాలస్ నుంచీ రెండు మూడు గంటల విమానం. అందుకే అక్కడి తెలుగువాళ్ళకి పిల్లల సెలవుల్లో అది మనకు తిరుపతి లాంటిది.

అక్కడ రెండు రకాల ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి, గది, తిండి, పానీయాలు అన్నీ కలిపి ముందే డబ్బు కట్టించుకునే రిసార్టు. రెండోది బీచ్ క్లబ్బు. గది అక్కర్లేదు. పగటి టికెట్టు కొంటే కుర్చీ, గొడుగు, స్నానాల గది, ఈత కొలను, భోజనం ఇస్తారు. సాయంత్రానికి మీ దారి మీది. మన తీరంలో ఆ పేరుతో పెద్దగా లేవు గానీ, కొన్ని రిసార్టులు గది తీసుకోకపోయినా పగటి ప్యాకేజీ ఇస్తాయి. అదే మన బీచ్ క్లబ్బు అనుకోండి.

అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళను అడిగితే, ఎంచుకునేటప్పుడు ఏం చూసుకోవాలో చక్కగా చెప్పారు. మొదటిది, 'ఒడ్డునే' అన్న మాటకీ 'ఒడ్డుకు దగ్గర' అన్న మాటకీ మధ్య ఒక్కోసారి పదిహేను నిమిషాల నడక ఉంటుంది. రెండోది, టికెట్టులో ఏం కలిసింది, ఏం కలవలేదు అన్నది. కుర్చీకి వేరే, తువ్వాలుకు వేరే అంటే లెక్క మారిపోతుంది. మూడోది కాలం. అక్కడ జూన్ నుంచి నవంబర్ దాకా తుపానుల కాలం. పైగా కొన్నేళ్ళుగా వేసవి నెలల్లో సర్గాసమ్ అనే గోధుమ రంగు సముద్రపు నాచు గుట్టలు గుట్టలుగా ఒడ్డుకు కొట్టుకొస్తోంది. ఫొటోలో నీలంగా కనిపించిన నీళ్ళు, వెళ్ళేసరికి టీ డికాక్షన్‌లా ఉంటాయి. నాలుగోది జెండా. అక్కడి ఒడ్డున ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు జెండాలు ఎగరేస్తారు. ఎరుపు ఉంటే దిగడం ప్రమాదం, నలుపు ఉంటే దిగనే కూడదు. ఈ నాలుగు ప్రశ్నలూ మనకు పనికొస్తాయి. కాబట్టి ఆ మిత్రులకు ధన్యవాదాలు.

కానీ యాత్రగా కాంకున్ మనకు కుదరదు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. అది లేనివాడు మెక్సికో వీసా తెచ్చుకోవాలి, రెండు విమానాలైనా మారాలి. ఈ హాల్లో కూర్చున్న మన తెలుగు మాస్టారికి పాస్‌పోర్టే లేదు. మాస్టారు లేని స్వర్ణోత్సవం ఎక్కడ జరిగితేనేం? వెళ్ళదలచుకున్నవాళ్ళు వాళ్ళ ఖర్చుతో హాయిగా వెళ్ళి రావచ్చు. సంఘం పేరుతో మాత్రం వద్దని మా మనవి.

కాంకున్ నుంచి ఇంకో మాట కూడా నేర్చుకోవాలి, అది వ్యతిరేక పాఠం. అలాంటిచోట్ల లోపలికి వెళ్ళగానే మణికట్టుకు ఒక పట్టీ కడతారు. కొన్నిచోట్ల టికెట్టును బట్టి పట్టీ రంగు మారుతుంది. ఒక రంగువాళ్ళు అన్ని చోట్లకీ వెళ్ళొచ్చు, ఇంకో రంగువాళ్ళు కొన్ని చోట్లకే.

ఇది దూరదేశపు సంగతి కాదు. కొన్నేళ్ళ కిందట మనలో కొందరం ఈ తీరంలోనే ఒక రిసార్టుకు పగటి ప్యాకేజీ మీద వెళ్ళాం. పేరు అనవసరం. తీరా గేటు దగ్గరికి వెళ్ళాక అక్కడివాళ్ళు రెండు రకాల టికెట్లు ఉన్నాయన్నారు. కొలను, ఏసీ భోజనశాల కలిసినది ఒకటి, ఒట్టి ఆవరణ ప్రవేశం ఒకటి. ఇద్దరు మిత్రులు రెండోది తీసుకుని, 'మాకు నీళ్ళు పడవురా, మీరు వెళ్ళండి' అని సరుగుడు చెట్ల కింద కూర్చున్నారు. ఆ ఇద్దరిలో ఒకడు, హైస్కూలు రోజుల్లో బందరు కాలవలో మాకందరికీ ఈత నేర్పినవాడు. వాడికి నీళ్ళు పడకపోవడమేమిటి? పడనిది ఆ రెండో టికెట్టు ధర. ఆ తరువాత రెండు సమ్మేళనాలకు వాడు రాలేదు. పిలిస్తే 'పని ఉంది' అన్నాడు.

మన సభ్యత్వ పుస్తకంలో పేరుండి ఎప్పుడూ రానివాళ్ళు ఉన్నారు. అందరికీ నిజంగా పని ఉండే రావడం లేదని నేను అనుకోను. అందుచేత ఉపసంఘం మొదటి షరతు ఇది. మన యాత్రలో పట్టీకి రెండు రంగులు ఉండకూడదు. అందరికీ ఒకే టికెట్టు, ఒకే భోజనం, ఒకే బస్సు. ఎవరూ గేటు దగ్గర పర్సు తీసే పని ఉండకూడదు. డబ్బు ఎలా అన్నది చివర్లో చెబుతాను.

ఇక ఒడ్ల సంగతి. మన తీరమంతా ఒకే రకం కాదు. విశాఖ దగ్గర కొండలు సముద్రం దాకా వస్తాయి. ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే లోతు పెరుగుతుంది, కెరటం బలంగా విరుగుతుంది. బాపట్ల, చీరాల వైపు వెడల్పైన ఇసుక తీరం, వెనక సరుగుడు తోటలు. కృష్ణ సముద్రంలో కలిసే ప్రాంతంలో నది తెచ్చిన ఒండ్రు పేరుకుని నీళ్ళు చాలా దూరం లోతు లేకుండా ఉంటాయి. మంగినపూడిలో కాళ్ళ కింద తగిలేది తెల్లటి ఇసుక కాదు, నల్లటి మెత్తటి మన్ను. మన పొలాల్లోది ఏ మన్నో అదే. అందుకే ఫొటోకు అది అంత నప్పదు.

ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. డెన్మార్క్‌లో ఉన్న ఒక సంస్థ నీటి శుభ్రత, భద్రత, మరుగుదొడ్లు, చెత్త నిర్వహణ లాంటి 33 అంశాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. ఆ ఏడాది దేశంలో ఎనిమిది తీరాలకు వస్తే మన రాష్ట్రంలో ఇదొక్కటే. 2025 తొలి నెలల్లో నిర్వహణ లోపాల వల్ల తాత్కాలికంగా పోయి, సరిచేశాక మళ్ళీ వచ్చింది. అంటే బోర్డు మీద గుర్తు ఉంటే చాలదు, ఈ వారం ఎలా ఉందో కనుక్కోవాలి. ఋషికొండ మంచి ఎంపికే. కానీ మనకు 350 కిలోమీటర్లు. రాత్రి రైలు, కనీసం ఒక రాత్రి బస. ఎనభై దాటిన మాస్టార్లకు కష్టం.

సూర్యలంకకు రైలు సౌకర్యం ఉంది. విజయవాడలో ఎక్కితే తెనాలి మీదుగా బాపట్ల, అక్కడి నుంచి 9 కిలోమీటర్లు. పర్యాటక శాఖవారి హరిత రిసార్టు ఉంది. చీరాల పక్క రామాపురంలో ప్రైవేటు రిసార్టులున్నాయి. ఇసుక, కెరటం, బస, మూడూ కావాలంటే ఇవే. అయితే ఏటా ఈ ఒడ్ల మీద ప్రాణాలు పోయిన వార్తలు కూడా మనం చదువుతూనే ఉన్నాం. పోయేది ఎక్కువగా కుర్రాళ్ళు, అదీ విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల నుంచి సరదాగా వచ్చినవాళ్ళు.

ఎందుకలా జరుగుతుందో రెండు నిమిషాలు చెబుతాను. పిల్లల్ని, మనవల్ని తెచ్చేవాళ్ళు శ్రద్ధగా వినండి. మనం కాలవల్లో ఈత నేర్చినవాళ్ళం. కాలవ నీరు ఒకే దిక్కుకు పోతుంది, రెండు గట్లూ కనిపిస్తుంటాయి. సముద్రం అలా కాదు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరంతా మళ్ళీ వెనక్కి పోవాలి కదా. అది ఎక్కడో ఒకచోట సన్నటి పాయగా చేరి వేగంగా లోపలికి పోతుంది. ఆ పాయ ఉన్నచోట కెరటాలు విరగవు కాబట్టి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాళ్ళు ఇక్కడ అలల్లేవు అనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకున్నవాడు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతాడు. ప్రాణం తీసేది ఆ అలసటే. భయపడకుండా తేలుతూ, చెయ్యి ఊపుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయ నుంచి బయటపడవచ్చు. గట్టున ఉన్నవాడు వెంటనే దూకకూడదు. తాడు గానీ, గాలి ట్యూబు గానీ, ఖాళీ నీళ్ళ డబ్బా గానీ విసరాలి, గజ ఈతగాణ్ణి పిలవాలి. రక్షించబోయి రెండోవాడు పోవడం తరచుగా జరిగేదే.

కాలం సంగతి. మనవాళ్ళు సముద్ర స్నానాలకు కార్తీక పౌర్ణమికి మంగినపూడి, సూర్యలంక వెళతారు, మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళతారు. పుణ్యం మాట కాదనను. కానీ పౌర్ణమికీ అమావాస్యకూ ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది, జనమూ ఎక్కువగా ఉంటారు. ఈ రెండూ కలిసిన రోజు మన యాత్రకు వద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల కాలం. మిచాంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. మే నెలా నమ్మదగ్గది కాదు. 2010 మే 20న లైలా కూడా బాపట్ల దగ్గరే తీరం దాటింది.

ఈ తీరం ఏం చేయగలదో మన జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1864 నవంబర్ 1 రాత్రి బందరులో వచ్చిన ఉప్పెనలో 30 వేల మంది పోయారు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన మనలో చాలామందికి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. 10 వేల మందికి పైగా పోయారు. 2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి రోజున వచ్చిన సునామీకి మన రాష్ట్ర తీరంలో వందమందికి పైగా బలయ్యారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. సముద్రాన్ని గౌరవించి వెళ్ళమని చెబుతున్నాను. అప్పుడు లేని సౌకర్యం ఇప్పుడు మనకుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, మన తీరంలో కెరటాల ఎత్తు ఎంత ఉంటుందో ముందే ప్రకటిస్తుంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే నడుస్తోంది. బయలుదేరే ముందు రోజు ఆ సమాచారం చూసే బాధ్యత ఒకరికి అప్పగిస్తాం. పెద్ద కెరటాల హెచ్చరిక ఉంటే ఆ రోజు మనం ఒడ్డునే కూర్చుంటాం.

ఇవన్నీ చూసి ఉపసంఘం చెప్పేది ఇది. యాత్ర మంగినపూడికి, ఫిబ్రవరిలో, పౌర్ణమి కాని ఒక శనివారం.

కారణాలు చెబుతాను. బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డు ఎక్కి తిన్నగా తూర్పుకు పోతే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి దాదాపు 70 కిలోమీటర్లలో బందరు, అక్కడి నుంచి 11, 12 కిలోమీటర్లు మంగినపూడి. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే ఎండ ముదరక ముందే ఒడ్డున ఉంటాం. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే బందరులో పెద్దాసుపత్రి దగ్గర. అలసినవాళ్ళను మధ్యాహ్నమే ఇంటికి పంపించవచ్చు. నీళ్ళు లోతు తక్కువ. అయితే లోతు తక్కువంటే ప్రమాదం లేదని కాదు. మన్నులో కాళ్ళు దిగబడతాయి, జారతాయి. మోకాలి లోతు దాటవద్దన్నది అందరికీ ఒకే నియమం. పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి లేదు. మందు పుచ్చుకున్నవారు నీళ్ళ దరికి రాకూడదు. నవ్వుతున్నారు గానీ ఇది కూడా నియమమే.

ఇంకో కారణం, అక్కడ సముద్రంలో దిగనివాళ్ళకు కూడా చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఒడ్డు దగ్గరే దత్తాశ్రమం ఉంది. బందరులో డచ్చివారి సమాధులున్నాయి. వాళ్ళు 1605లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ ఈ రేవులో దిగారని మన సోషల్ మాస్టారు చెప్పిన పాఠం అక్కడ కళ్ళారా చూడవచ్చు. గిలకలదిండి చేపల రేవు ఉంది. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం చూడవచ్చు. తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు కొనకుండా రానిచ్చేది ఎవరిని?

లోటుపాట్లు కూడా చెప్పాలి. ఫొటోకు నీలి సముద్రం దొరకదు. ఆ పక్కనే 2023 మే నెలలో బందరు ఓడరేవు పనులు మొదలయ్యాయి. దారులు, ఒడ్డు ఎలా ఉన్నాయో ముందుగా వెళ్ళి చూడాలి. అందుకే జనవరిలో నలుగురం, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరోజు వెళ్ళి చూసి వస్తాం. ఆడవాళ్ళు ఎందుకంటే, మరుగుదొడ్డి బాగుందా లేదా అన్నది మగవాళ్ళు చూసి చెబితే చెల్లదు.

ఆ నలుగురూ అడిగి తెలుసుకోవలసినవి కాగితం మీద రాశాం. బస్సు ఆగేచోటి నుంచి నీడ దాకా ఎన్ని అడుగులు? ఆ దారి గట్టి నేలా, ఇసుకా? చక్రాల కుర్చీ ఇసుకలో కదలదు. మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందా? పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి ఉందా? బట్టలు మార్చుకునే గదికి గడియ పడుతుందా? మంచినీళ్ళెక్కడ? గజ ఈతగాళ్ళు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంటారు? పక్కన షెడ్డో రిసార్టో మాట్లాడుకుంటే భోజనం, కుర్చీలు, పన్ను అన్నీ కలిపి తలకెంత? తుపాను వస్తే అడ్వాన్సు తిరిగిస్తారా, ఇంకో తేదీకి మారుస్తారా? ఈ చివరి మాట నోటితో కాదు, రశీదు మీద రాయించుకోవాలి.

మధుమేహం ఉన్నవాళ్ళకు ఒక ప్రత్యేక మనవి. మన వయసులో అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటుంది. కాలిన ఇసుక, ఆల్చిప్ప గీత తెలియవు. తెలిసేసరికి పుండు పడుతుంది. చెప్పులు విడవకండి, నీళ్ళలోనూ పట్టీ చెప్పులే. భోజనం వేళ తప్పనివ్వం. మాత్రలు మీరు మరవకండి.

ఒక మర్యాద కూడా పాటించాలి. ఏ రిసార్టు తీసుకున్నా, కంచె లోపలి నేలే వారిది. సముద్రపు ఒడ్డు అందరిదీ. అక్కడ వలలు ఆరబెట్టుకునేవాళ్ళు మనకన్నా తరతరాల ముందు నుంచీ ఉన్నారు. వాళ్ళ పడవలెక్కి ఫొటోలు దిగేముందు ఒక మాట అడుగుదాం. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో ఏ బోర్డు కన్నా వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళు వద్దన్నచోట దిగవద్దు. మనం తెచ్చిన ప్లేట్లు, గ్లాసులు మన బస్సులోనే తిరిగొస్తాయి.

ఇక డబ్బు. మొత్తం ఖర్చు లెక్కవేసి తలకు ఇంత అని ఎవరికీ చీటీ పంపం. ప్రతి సభ్యుడికీ ఒక ఖాళీ కవరు వస్తుంది. ఇవ్వగలిగినంత అందులో పెట్టి, పేరు రాయకుండా పెట్టెలో వేయాలి. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్ళు ఎక్కువ ఇస్తారు. ఏమీ పెట్టకుండా వేసిన కవరుకూ అదే గౌరవం. లోటు పడితే, కాంకున్ ప్రతిపాదించిన మిత్రులు భరిస్తామని ముందే మాట ఇచ్చారు. వాళ్ళకు చప్పట్లు కొట్టండి. మాస్టార్లు, టీచర్లు మాత్రం కవరు వేయకూడదు. ఈ ఒక్క విషయంలో మీ మాట వినం, క్షమించాలి. దాతల జాబితా సంచికలో వేయం, ఫలకం మీద చెక్కించం. కోశాధికారి మొత్తం అంకె, ఖర్చు అంకె మాత్రం చదివి వినిపిస్తారు.

చివరిగా మీరు చేయవలసిన పని ఒకటుంది. రానివాళ్ళ చిరునామాలు ఈ బల్ల మీద ఉన్నాయి. ఒక్కొక్కరు ఒక్కో పేరు తీసుకోండి. ఫోన్‌లో కాదు, ఇంటికి వెళ్ళి పిలవండి. యాత్ర ఎక్కడికి అని వాళ్ళడిగితే మంగినపూడి అని చెప్పండి. ఎంత కట్టాలి అని అడిగితే, కట్టేదేమీ లేదు, బెంజ్ సర్కిల్ దగ్గర ఆరున్నరకు బస్సెక్కడమే అని చెప్పండి.

 ఇక చేతులెత్తి మీ సమ్మతి తెలపవలసిందిగా కోరుతున్నాను.